మాటకు మాట కాదు, మూటకు మూట

ఉదయగిరిలో గానీ ఆత్మకూరులో గానీ పదో తరగతి గదిలో ఒకే పాఠం రెండు పీరియడ్లలో రెండు పేర్లతో నడుస్తుంది. తెలుగు పంతులుగారు బోర్డు మీద ‘చేపట్టు’ అని రాస్తారు. ‘చే’ అంటే చేయి, ‘పట్టు’ అంటే పట్టుకోవడం. కానీ ‘కొత్త తహసీల్దారు బాధ్యతలు చేపట్టారు’ అన్నప్పుడు అందులో చేయీ లేదు, పట్టుకోవడమూ లేదు. రెండు మాటలూ కలిసి మూడో అర్థాన్ని పుట్టించాయి. తలపెట్టు, మేలుకొను, వెనుదీయు కూడా ఆ కోవలోవే. మన వ్యాకరణం వీటికి శబ్దపల్లవాలని చక్కని పేరు పెట్టింది. పల్లవం అంటే చిగురు. మాట పక్కన మాట చేరితే కొత్త అర్థం చిగురిస్తుందన్నమాట. ఇంతలో గంట కొడతారు. ఇంగ్లీషు టీచరు వచ్చి అదే బోర్డు మీద ‘టేక్ అప్’, ‘గివ్ అప్’, ‘పుట్ ఆఫ్’ అని రాసి, ఇవి ఫ్రేజల్ వెర్బులు, రేపటికి కంఠతా పట్టుకు రండి అంటారు. ఇందాక నేర్చుకున్నదీ ఇప్పుడు భయపెడుతున్నదీ ఒకే జాతి చిగుళ్ళని పిల్లలకు చెప్పేవారు అరుదు. ఫ్రేజల్ వెర్బులు మనకు పూర్తిగా పరాయివి కావు. జాబితాగా బట్టీపడితే జారిపోతాయి, మన పలుకుబడి పక్కన పెట్టి నేర్చుకుంటే నిలుస్తాయి. ఈ మాట ఎందుకంటున్నానో ఒక్కొక్కటిగా చెబుతాను.

ముందు అసలు చిక్కేమిటో చూద్దాం. ‘గివ్’ అంటే ఇవ్వడం, ‘అప్’ అంటే పైకి. రెండూ ఐదో తరగతి పిల్లలకూ తెలుసు. కానీ ‘గివ్ అప్’ అంటే పైకి ఇవ్వడం కాదు, మానేయడం, ఆశ వదులుకోవడం. ‘పుట్’ తెలిసినా, ‘ఆఫ్’ తెలిసినా, ‘పుట్ ఆఫ్’ అంటే వాయిదా వేయడమని ఊహకు అందదు. ‘పుట్ అప్ విత్’ దగ్గరికి వచ్చేసరికి మూడు చిన్న మాటలు కలిసి ‘ఓర్చుకోవడం’ అవుతాయి. బరువైన కొత్త మాట ఎదురైతే ఆగి నిఘంటువు చూస్తాం. ఇవన్నీ తెలిసిన మాటలే కాబట్టి, తెలియదన్న సంగతే తెలియకుండా దాటిపోతాం. అసలు ప్రమాదం అక్కడుంది. ఈ కష్టం మనవాళ్ళకే ప్రత్యేకం కాదు. 1755లో లండన్‌లో తన ఇంగ్లీషు నిఘంటువు అచ్చువేసిన శామ్యూల్ జాన్సన్ ముందుమాటలోనే ఈ జంటలను విడిగా ప్రస్తావించాడు. ఇవి పరాయి భాషవాళ్ళను బాగా ఇబ్బందిపెడతాయని గుర్తించి, శ్రద్ధగా పోగుచేశానని చెప్పుకున్నాడు. ఫ్రేజల్ వెర్బ్ అనే పేరు మాత్రం చాలా ఆలస్యంగా, 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది. సమస్య పాతది, పేరు కొత్తది.

నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతానికి ఈ సమస్యతో పనేమిటని అడగవచ్చు. చాలా పని ఉంది. పదో తరగతి ఇంగ్లీషు పేపరుతో మొదలై ఇవి చదువుకున్నవాళ్ళ వెంటే నడుస్తాయి. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ డిగ్రీ స్థాయి పరీక్ష తొలి దశలో 100 ప్రశ్నలకు 25 ఇంగ్లీషువే, ఒక్క తప్పు జవాబుకు అర మార్కు పోతుంది. 16,347 టీచరు పోస్టులతో 2025లో జరిగిన మెగా డీఎస్సీలో టీజీటీ, పీజీటీ, ప్రిన్సిపాల్ లాంటి పోస్టులకు ఇంగ్లీషు ప్రావీణ్య పరీక్ష గట్టెక్కవలసి వచ్చింది. 2023లో రాష్ట్ర ప్రభుత్వం ఈటీఎస్ సంస్థతో ఒప్పందం చేసుకుని, ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి నుంచే టోఫెల్ పరీక్షలకు పిల్లలను సిద్ధం చేయించింది. ప్రభుత్వం మారాక ఆ కార్యక్రమం ఆగిపోయింది గానీ దాని వెనకున్న అవసరం ఆగలేదు. పై చదువుకు విదేశాలకు పోవాలంటే ఐఈఎల్‌టీఎస్ లాంటిది రాయాలి, నర్సుగా బ్రిటన్‌కో ఆస్ట్రేలియాకో పోవాలంటే అదైనా, వైద్యరంగం వాళ్ళ ఇంగ్లీషు పరీక్ష ఓఈటీ అయినా రాయాలి. పెద్ద కోచింగ్ సెంటర్లు నెల్లూరు, తిరుపతి, చెన్నైల్లో ఉంటాయి. ఆత్మకూరు నుంచి నెల్లూరే అరవై కిలోమీటర్లకు అటూఇటూ, ఉదయగిరి నుంచి వంద దాకా. ఇంత దూరంలో ఉన్నవాళ్ళకు చేతిలో ఉన్న సాధనంతో చదువుకునే పద్ధతి మరీ అవసరం. మన చేతిలో ఉన్న సాధనం తెలుగే.

పరీక్షలు వీటిని ఎలా అడుగుతాయో గమనిస్తే పద్ధతి ఎలా ఉండాలో తెలుస్తుంది. బడి పరీక్షలో ‘పుట్ ఆఫ్ అర్థం రాయండి’ అని నేరుగా అడగవచ్చు. పెద్ద పరీక్షల్లో అలా అడగరు. ఐఈఎల్‌టీఎస్ లిజనింగ్‌లో సుమారు 30 నిమిషాల్లో 40 ప్రశ్నలు, ఆడియో ఒక్కసారే వినిపిస్తారు. ప్రశ్నపత్రంలో ‘క్యాన్సిల్డ్’ అని ఉంటే ఆడియోలో మాట్లాడే మనిషి ‘కాల్డ్ ఆఫ్’ అనవచ్చు. పత్రంలో ‘రిజెక్టెడ్’ ఉంటే చెవికి ‘టర్న్డ్ డౌన్’ వినిపించవచ్చు. ఆ రెండూ ఒకటేనని అరక్షణంలో తట్టకపోతే తర్వాతి ప్రశ్న కూడా చేజారుతుంది. స్పీకింగ్ విభాగంలో నాలుగు కొలమానాల్లో ఒకటి పదసంపద. అక్కడ 7 బ్యాండు రావాలంటే కొంతైనా జాతీయాల వాడుక సహజంగా కనపడాలి. అంటే పరీక్ష చూసేది మాట అర్థం తెలుసా అన్నదొక్కటే కాదు, ఆ మాట ఏ సందర్భంలో పలుకుతుందో తెలుసా అని. ఓఈటీలో ఇది ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. అక్కడ రోగి పాత్ర పోషించేవారితో నర్సు మాట్లాడాలి. రోగి వైద్యపు మాటలు వాడడు. ‘త్రూ అప్’ అంటాడు, వాంతి చేసుకున్నాడని. ‘పాస్డ్ అవుట్’ అంటాడు, కళ్ళు తిరిగి పడిపోయాడని. ‘కేమ్ రౌండ్’ అంటాడు, స్పృహలోకి వచ్చాడని.

ఇప్పుడు మనం చదివించే తీరు చూడండి. గైడ్లలో ఫ్రేజల్ వెర్బులు అక్షర క్రమంలో వందల కొద్దీ ఉంటాయి. ‘పుట్’ పేజీలో పుట్ ఆన్, పుట్ ఆఫ్, పుట్ అవుట్, పుట్ అప్, పుట్ అవే, పుట్ డౌన్ వరసగా నిలబడి ఉంటాయి. ఎదురుగా ఒక్కొక్క తెలుగు మాట ఉంటుంది. ఒకే పోలికలో ఉన్న మాటలను ఒకేసారి నేర్చుకుంటే అవి ఒకదాన్నొకటి చెరుపుకుంటాయని మాటల అభ్యాసం మీద పరిశోధనలు చేసినవారు తేల్చారు. కవలపిల్లల పేర్లు ఒకేరోజు విన్నవాళ్ళు ఎవరు ఎవరో తికమకపడ్డట్టే, పుట్ ఆఫ్, పుట్ అవుట్ ఒకే పూట చదివిన పిల్లలు పరీక్షలో దీపం వాయిదా వేసి, మీటింగు ఆర్పేస్తారు. పైగా ఒక్కో జంటకు ఒక్క అర్థమే ఉండదు. ‘టేక్ ఆఫ్’ అంటే విమానం ఎగరడమూ అవుతుంది, చొక్కా విప్పడమూ అవుతుంది, వ్యాపారం ఊపందుకోవడమూ అవుతుంది. ఎదురుగా ఒక తెలుగు మాట మాత్రమే రాసుకున్నవాళ్ళకు మిగతా రెండుచోట్లా ఇబ్బందే.

భయం తగ్గించే లెక్క ఒకటుంది. 2007లో గార్డ్‌నర్, డేవిస్ అనే ఇద్దరు పరిశోధకులు పది కోట్ల మాటలున్న బ్రిటిష్ నేషనల్ కార్పస్‌ను జల్లెడ పట్టారు. అందులో లెక్కకు వచ్చిన ఫ్రేజల్ వెర్బులు ఐదు లక్షలకు పైగా. వాటిలో సగానికి పైగా కేవలం 20 క్రియలు, 8 చిన్న మాటల కలయికలే. గో, కమ్, టేక్, గెట్, సెట్, పుట్ లాంటి క్రియలు, అవుట్, అప్, ఆన్, బ్యాక్, డౌన్, ఇన్, ఆఫ్, ఓవర్ అనే తోకలు. 2015లో గార్నియే, ష్మిట్ అనేవాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి, అతి తరచుగా వాడే 150 జంటలను తీసుకుని, వాటి అర్థాల్లో నిజంగా జనం వాడేవి ఏవో ఏరారు. మొత్తం 288 తేలాయి, జంటకు సగటున దాదాపు రెండు అర్థాలు. రోజుకు రెండు అర్థాలు నేర్చుకుంటే 144 రోజులు. జూన్‌లో బడి తెరిచిన నాడు మొదలుపెడితే సంక్రాంతి సెలవుల నాటికి పూర్తవుతుంది, మార్చి పరీక్షకు ముందు తిరగేసుకోవడానికి కావలసినంత సమయం మిగులుతుంది. ఉదయగిరిలో చెక్క స్పూన్లు, ఫోర్కులు చెక్కే పనివాళ్ళను చూస్తే ఈ సంగతి బోధపడుతుంది. భౌగోళిక గుర్తింపు పొందిన ఆ నగిషీ పనంతా కొద్దిపాటి పనిముట్లతో జరిగేదే. పనిముట్ల సంఖ్య పెరిగితే పనితనం పెరగదు. ఉన్నవి చేతికి అలవాటు కావాలి.

అలవాటు కావడానికి తెలుగు ఎలా సాయపడుతుందన్నది అసలు విషయం. 1985లో ఇజ్రాయెల్‌లో దగుత్, లౌఫర్ అనే పరిశోధకులు హీబ్రూ మాట్లాడే విద్యార్థులను పరీక్షించారు. వాళ్ళు ఫ్రేజల్ వెర్బులకు మొహం చాటేసి, వీలైనచోటల్లా ఒంటి మాటలే వాడారు. హీబ్రూలో అలాంటి నిర్మాణం లేకపోవడమే కారణమని భావించారు. 1993లో లౌఫర్, ఎలియాసన్ స్వీడన్ విద్యార్థులను పరీక్షిస్తే వాళ్ళు అలా తప్పించుకోలేదు. స్వీడిష్ భాషలో అలాంటి జంట క్రియలు ఉన్నాయి మరి. దీన్నిబట్టి, సొంత భాషలో పోలిక కనిపించినప్పుడు భయం పోతుందని నాకనిపిస్తుంది. తెలుగులో ఇంగ్లీషుకు ఉన్నట్టు క్రియ వెనక ‘అప్’, ‘ఆఫ్’ రావు, నిజమే. కానీ రెండు మాటలు కలిసి మూడో అర్థం పుట్టించే గుణం మన భాష నిండా ఉంది. ఎత్తిచూపాడంటే పాయింటెడ్ అవుట్. వెనక్కి తగ్గాడంటే బ్యాక్డ్ డౌన్. తుడిచిపెట్టాడంటే వైప్డ్ అవుట్. ‘ఎట్టా ఉన్నారు’ అని అడిగితే ‘ఏదో నెట్టుకొస్తన్నాం’ అంటాం చూడండి, అది గెటింగ్ బై. 2021 నవంబరులో పెన్నా పొంగి, సోమశిల జలాశయం దిగువన ఉన్నవాళ్ళు ‘రోడ్డు కొట్టుకుపోయింది’ అన్నప్పుడు కొట్టడమూ పోవడమూ విడివిడిగా ఎవరి మనసులోనూ లేవు. అది వాష్డ్ అవే. ఉదయగిరిలో ఉర్దూ మాట్లాడే ఇళ్ళ పిల్లలకూ ఇదే దారి ఉంది. వాళ్ళ ‘గిర్ గయా’ మన ‘పడిపోయాడు’, వాళ్ళ ‘ఖా లియా’ మన ‘తినేశాడు’ లాంటివే. క్రియకు క్రియ తోడయ్యే ఈ బాణీ ఎన్నో భారతీయ భాషల్లో ఉంది.

ఒక్క ఉదాహరణ దగ్గరగా చూద్దాం. ‘ఎంతసేపు చేసినా ఫోన్ ఎత్తడం లేదు, ఎత్తినా వెంటనే పెట్టేశాడు.’ దీన్ని ఇంగ్లీషులో చెప్పమంటే మనవాళ్ళు ‘లిఫ్ట్ చేయలేదు, కెప్ట్ ది ఫోన్’ అంటారు. ఎత్తడం అంటే లిఫ్ట్, పెట్టడం అంటే కీప్ అని మాటకు మాట మార్చారు. ఇంగ్లీషువాడు ‘పిక్ అప్’ అంటాడు, ‘హ్యాంగ్ అప్’ అంటాడు. పాత రోజుల్లో గోడ ఫోన్లకు కొక్కెం ఉండేది, మాట్లాడ్డం అయ్యాక రిసీవరు దానికి తగిలించేవారు. ఆ తగిలించడమే హ్యాంగ్. మన ఇళ్ళకు వచ్చిన బల్ల ఫోన్‌లో రిసీవరును దాని గూటిలో పెట్టేవాళ్ళం కాబట్టి ‘పెట్టేశాడు’ అన్నాం. సెల్‌ఫోన్ వచ్చాక తగిలించడమూ లేదు, పెట్టడమూ లేదు, మాటలు మాత్రం ఉండిపోయాయి. ఇక ‘అప్’ ఏం చేస్తోందో చూడండి. ‘పెట్టాడు’ వేరు, ‘పెట్టేశాడు’ వేరు. పెట్టు పక్కన చేరిన ‘వేయు’ పని ముగిసిపోయిందని చెబుతుంది. హ్యాంగ్ పక్కన చేరిన ‘అప్’ చేసేదీ దాదాపు అదే. ఈట్ అప్ అంటే తినేయ్, డ్రింక్ అప్ అంటే తాగేయ్, యూజ్ అప్ అంటే వాడేయ్. ‘అప్’ అంటే పైకి అని నేర్పినవాళ్ళకు ఇది ఎన్నటికీ అందదు. తినేయ్‌లోని ‘ఏయ్’ని గుర్తుచేస్తే నిమిషంలో అందుతుంది. అదే ‘అప్’ ఇంకోచోట ‘టర్న్డ్ అప్’ అయితే ఊడిపడ్డాడు, తేలాడు. ‘టర్న్డ్ అవుట్’ అయితే ‘చివరికి అబద్ధమని తేలింది’లోని తేలడం. కాబట్టి సరిపోల్చవలసింది విడి మాటను కాదు, మొత్తం మూటను. మాటకు మాట కాదు, మూటకు మూట.

దీనికి వచ్చే మొదటి ఆక్షేపణ: పదో తరగతి పరీక్ష జాబితాలోంచే వస్తుంది, బట్టీ పడితే మార్కులు వస్తాయి, ఈ శ్రమ ఎందుకు? ఆ రెండు మూడు మార్కులు వస్తాయి, కాదనను. బట్టీ పట్టడం పాపమూ కాదు. ఎక్కాలు, పద్యాలు మనం అలాగే నేర్చుకున్నాం. కానీ పద్యానికి యతి, ప్రాస, నడక ఉన్నాయి, ఒక పాదం ఇంకో పాదాన్ని లాక్కొస్తుంది. జాబితాలో ఒక మాట ఇంకో మాటను లాక్కురాదు, తోసేస్తుంది. ఏప్రిల్‌లో మరిచిపోయే చదువుకు ఎనిమిది నెలలు పోసి, డిగ్రీ అయ్యాక స్టాఫ్ సెలక్షన్ కోసం మళ్ళీ మొదటి పేజీ తెరిచేకంటే, అంతే సమయంలో నిలిచే చదువు చదివించడం మేలు.

రెండో ఆక్షేపణ చదువుకున్నవాళ్ళ నుంచి వస్తుంది: ఫ్రేజల్ వెర్బులు వీధి ఇంగ్లీషు, పరీక్షలో గంభీరమైన మాటలే రాయాలి. ఇందులో కొంత నిజముంది. ఉత్తరంలో ‘పుట్ అప్ విత్’ కంటే ‘టాలరేట్’ హుందాగా ఉంటుంది. ఈ తేడా తెలుగువాళ్ళకు కొత్తగా నేర్పనక్కర్లేదు. ‘సహించు’, ‘ఓర్చుకో’ రెండూ మనకున్నాయి. ‘నిర్మూలించు’ వార్తాపత్రికలో, ‘తుడిచిపెట్టు’ రచ్చబండ దగ్గర. మనకు సంస్కృతం ఇచ్చిన బరువును ఇంగ్లీషుకు లాటిన్, ఫ్రెంచి ఇచ్చాయి. నేలలో మొలిచిన మాటల పని ఇక్కడ అచ్చతెలుగు చేస్తే, అక్కడ ఈ జంటలు చేస్తాయి. రెండు వరసలూ తెలిసినవాడే ఎక్కడ ఏది వాడాలో ఎంచుకోగలడు. అదీగాక ఇవన్నీ వీధి మాటలనడం సరికాదు. క్యారీ అవుట్, సెట్ అప్, పాయింట్ అవుట్ కోర్టు తీర్పుల్లో, ప్రభుత్వ నివేదికల్లో, పరిశోధన వ్యాసాల్లో రోజూ కనిపిస్తాయి.

మూడోది అన్నిటికంటే బలమైన ఆక్షేపణ: తెలుగు ఆసరాతో ఇంగ్లీషు నేర్పితే తప్పులే వస్తాయి, ఇంగ్లీషును ఇంగ్లీషులోనే నేర్వాలి. తప్పులు వస్తున్న మాట వాస్తవం. ‘ఫ్యాన్ ఆఫ్ చెయ్’ అన్న అలవాటుతో ‘ఆఫ్ ది ఫ్యాన్’ అంటున్నారు, టర్న్ ఆఫ్ అనాలి. ‘కోప్ అప్ విత్’ అంటున్నారు, అందులో అప్ లేదు. మనం కాలేజీ పూర్తిచేయడాన్ని ‘పాస్ అవుట్’ అంటాం, బ్రిటన్ ఆసుపత్రిలో అది స్పృహ తప్పడం. నర్సు కాబోయే అమ్మాయి ఈ తేడా పట్టుకోకపోతే రోగి బాధే అర్థం కాదు. అయితే ఈ తప్పులు ఎలా పుట్టాయి? తెలుగును దగ్గరపెట్టుకుని పోల్చి చూసినందువల్ల కాదు, తెలుగు చాటున ఉండి తనకు తెలియకుండా పనిచేసినందువల్ల. గదిలోకి రావద్దన్నంత మాత్రాన మాతృభాష బయటే నిలబడదు, దొడ్డిదారిన వస్తుంది. బోర్డు మీద రెండు మూటలూ పక్కపక్కన పెట్టి, ఇక్కడిదాకా పోలిక, ఇక్కడి నుంచి తేడా అని గీత గీస్తేనే ఆ తప్పులు పోతాయి. ఇంగ్లీషు ఎక్కువగా వినాలి, చదవాలి, అందులో సందేహం లేదు. తెలుగు ఆ ఇంట్లోకి తీసుకుపోయే తలుపు మాత్రమే, ఇల్లు కాదు.

పైగా ఆ తలుపు అవతల ఉన్నవి చాలా వరకు ఇప్పటికే మన వీధిలోకి వచ్చేశాయి. ప్లాట్లు అమ్మే బోర్డు మీద లేఅవుట్, సినిమాహాలు ముందు కటౌట్, ఆసుపత్రిలో చెకప్, స్టేషన్లో లాకప్, బడి మానేసిన పిల్లలకు డ్రాపౌట్. ‘బండి పికప్ తగ్గింది’, ‘ఈ బేరం వర్కౌట్ కాదు’ అని బడి మొహం చూడనివాళ్ళు కూడా అంటారు. ఇవన్నీ ఫ్రేజల్ వెర్బుల పిల్లలే. ‘వర్కౌట్ కాదు’ అని సరిగ్గా వాడగలిగిన మనిషికి ‘ఇట్ డిడ్ నాట్ వర్క్ అవుట్’ అనే వాక్యం ఒక అడుగు దూరంలోనే ఉంది. ఆ అడుగు వేయించడమే టీచరు పని.

ఎలా వేయించాలంటే, ఒక నోటుబుక్కు చాలు. ఎడమ పేజీలో ఇంగ్లీషు వాక్యం, ఒంటి మాట కాకుండా నిండు వాక్యం, మన ఊరి సంగతితో. ఉదయగిరి బస్సు దారిలో ‘బ్రోక్ డౌన్’ అయిందని, మ్యాచ్ వానకు ‘కాల్డ్ ఆఫ్’ అయిందని. కుడి పేజీలో ఇంట్లో అమ్మ అనే తీరులో తెలుగు: చెడి ఆగిపోయింది, ఆపేశారు. ఒకే క్రియ జంటలను ఒకే రోజు రాయకూడదు, వారం ఎడం ఉంచాలి. ప్రతి జంటతో ‘ఇట్’ ఎక్కడ పడుతుందో పలికి చూసుకోవాలి. ‘టర్న్ ఇట్ ఆఫ్’ అనాలి గానీ ‘టర్న్ ఆఫ్ ఇట్’ అనకూడదు, ‘లుక్ ఆఫ్టర్ ఇట్’ అనాలి గానీ ‘లుక్ ఇట్ ఆఫ్టర్’ అనకూడదు. సూత్రం కంటే చెవి దీన్ని తొందరగా పట్టుకుంటుంది, అందుకే పైకి చదవాలి. మూడో రోజూ, పదో రోజూ, నెలకూ కుడి పేజీ మూసి ఎడమది, ఎడమది మూసి కుడిది చెప్పుకోవాలి. దీనికి కోచింగ్ ఫీజు అక్కర్లేదు, నెల్లూరు బస్సు ఎక్కనక్కర్లేదు.

ఇంకొకటి మాత్రం కావాలి. తెలుగు టీచరూ ఇంగ్లీషు టీచరూ స్టాఫ్ రూములో ఐదు నిమిషాలు ఈ విషయం మాట్లాడుకోవాలి. తెలుగు పీరియడ్ అయ్యాక బోర్డు తుడవకుండా ‘చేపట్టు’ను అలాగే ఉంచి, దాని పక్కనే ‘టేక్ అప్’ రాస్తే చాలు. రెంటినీ పక్కపక్కన చూసిన పిల్లలకు ఇంగ్లీషు భయం తగ్గుతుంది, తమ తెలుగు ఎంత పనిచేయగలదో కూడా తెలుస్తుంది.